న్యూహేవెన్ మీదుగా

మా అమ్మావాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే ఫ్రాన్స్ వెళ్ళే ఓడలు కనిపిస్తాయి. పొగమంచు పట్టిన రోజున వాటి కూతలకి బల్ల మీద కప్పులు గలగలమంటాయి. కొండ దిగి రేవు గేటుకి కారులో ఆరు నిమిషాలు, అక్కణ్ణుంచి కలే రేవుకి గంటన్నర. డోవర్‌లో పుట్టినందుకు మనిషికి దక్కే సుఖం ఏదైనా ఉంటే అదొక్కటే.

మరి మా కుటుంబం ఫ్రాన్స్ ఎలా వెళ్ళేది? తెల్లారకముందే లేచి, ఆ ఓడలకి వీపు తిప్పి, రెండున్నర గంటలు పడమటికి కార్లు తోలుకుంటూ న్యూహేవెన్ అనే ఊరికి వెళ్ళేది. అక్కడ ఇంకేదో ఓడ ఎక్కి నాలుగు గంటలు ఊగీ ఊగీ దియెప్‌లో దిగేది. దిగి మళ్ళీ తూర్పుకి గంటపైన తోలితే మేం గుడారాలు వేసుకునే చోటు. ఆ చోటు కలే నుంచీ అంతే దూరం! పద్దెనిమిది వేసవులు ఇదే వరస. ఈ సంగతి ఆఫీసులో చెబితే జనం నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, ఇంటికొచ్చి పళ్ళు నూరుకునేదాన్ని.

ఇదంతా మా నాన్న సిడ్ పుణ్యం అనుకునేదాన్ని. ఆకుపచ్చ పొగగొట్టాల కంపెనీ ఓడల్లో ఆయన పదహారేళ్ళు వంటశాలలో పనిచేశాడు. నాకు పదమూడేళ్ళప్పుడు కంపెనీవాళ్ళు సగం మందిని తీసేసి, మిగిలినవాళ్ళ చేత రెట్టింపు గంటలు చేయిస్తామన్నారు. సమ్మె కట్టారు. నెలల తరబడి రేవు గేటు ముందు నిలబడ్డారు. ఓడిపోయారు, ఉద్యోగాలు పోయాయి, మా నాన్న రొట్టెల వ్యాను తోలుకోవడానికి వెళ్ళాడు. ఓడినవాళ్ళు ఓడినట్టు ఊరుకుంటే నాకేం పేచీ లేదు. ఆ గేటు మాత్రం బతికుండగా దాటకూడదని మా ఇంట్లో శాసనం పుట్టింది. రేవులో వేరే కంపెనీల ఓడలున్నాయిగా అంటే, అవీ ఆ గేట్లోంచే పోవాలిగా అని జవాబు. అబ్బో, ఏం నిష్ఠ! మా ఆరు టికెట్లు అమ్ముడుపోక ఆ కంపెనీ ఏడ్చి మొత్తుకుని ఉంటుంది పాపం.

ఆ నిష్ఠకి నిజంగా బలయ్యేది మా అమ్మ డొరీన్. ఆవిడకి సముద్రం పడదు. ఓడ రేవు దాటగానే మొహం పాలిపోయేది. నాలుగు గంటలూ కాగితపు సంచీ పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క మాట లేకుండా కూర్చునేది. "అమ్మా, ఇక్కణ్ణుంచే వెళ్తే గంటన్నరలో అయిపోతుందే" అని ఏటా అనేదాన్ని. "మీ నాన్న ఒప్పుకోడే" అనేది ఏటా. నేను మా నాన్న వైపు తిరిగేదాన్ని. ఆయన ఫోర్కు కింద పెట్టి, పళ్ళెంలోకి చూస్తూ, "ఆ గేటు దాటం" అనేవాడు. అంతే, కోర్టు లేచిపోయేది.

ఆ వరస తప్పిన ఏడాది, జనవరిలో ఒక ఆదివారం, అమ్మావాళ్ళింట్లో భోజనాల దగ్గర, మా ఆయన క్లైవ్ మామూలుగానే తన ఫైలు తెరిచాడు. క్లైవ్ కౌన్సిల్ ఆఫీసులో ఏ వీధిలో చెత్త ఏ రోజు తియ్యాలో నిర్ణయించే పనిలో ఉన్నాడు. ఆ తెలివంతా ఏటా మా సెలవుల మీద ప్రయోగించేవాడు. ఏడు దార్లు, ఏడు గళ్ళు: ఎన్ని గంటలు, ఎంత పెట్రోలు, ఓడలో టిఫిన్ ఎలా ఉంటుంది, ప్లాస్టిక్ తొడుగు వేసిన ప్రతి కాగితమూ తళతళలాడుతూ. చివరికి ఎక్కేది ఒక్క ఓడే అని తెలిసీ ఆ మనిషి ఏడు గళ్ళూ నింపేవాడు.

"డోవర్ నుంచి అయితే పద్దెనిమిది మార్కులు వచ్చాయి. న్యూహేవెన్‌కి ఆరు" అన్నాడు క్లైవ్.

"అయితే న్యూహేవెనే" అన్నాను.

"నేను ఊరికే వివరాలు చెబుతున్నా బెవ్."

మా నాన్న బంగాళాదుంప కోసుకుంటున్నాడు. "మంచి పట్టికయ్యా" అన్నాడు. ఆ మాట అంటూ అమ్మ వైపు ఒక్క క్షణం చూశాడు. ఇంట్లో అందరినీ ఆడించే మనిషి అలా చూస్తాడా అని నాకు ఆ రోజు తట్టలేదు. నాకు తెలిసిందల్లా కడుపుమంట.

మార్చిలో అమ్మకి తుంటి ఎముక మార్చారు. ఏకబిగిని గంటకి మించి కూర్చోవద్దన్నాడు డాక్టరు. నేను ఆయన రాసిచ్చిన కాగితం తెచ్చి నాన్న ముందు పెట్టాను. ఆయన చదివాడు, మడతపెట్టాడు, తిరిగిచ్చాడు. "మీ అమ్మనడుగు" అన్నాడు. అమ్మనడిగితే, "మీ నాన్న ఒప్పుకోడే" అంది. తలుపు మూసి మరీ పళ్ళు నూరుకున్నాను.

ఏప్రిల్లో ఊళ్ళో ఒక మాట వినపడింది. మా మావయ్య రెజ్ ఆగస్టు నెలాఖరుకి రిటైరై, ఇల్లమ్ముకుని, స్పెయిన్ వెళ్ళిపోతున్నాడట. రెజ్ అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. నాన్నతో పాటు అదే వంటశాలలో పనిచేసేవాడు, ఇద్దరూ ఒకే సైకిలు మీద డ్యూటీకి వెళ్ళిన రోజులున్నాయట. సమ్మె మూడో నెలలో రెజ్ గేటు దాటి లోపలికి వెళ్ళిపోయాడు. మా ఊళ్ళో అలా వెళ్ళినవాళ్ళెవరో, వెళ్ళనివాళ్ళెవరో ఈనాటికీ చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో రెజ్ పేరు లేదు. మార్కెట్లో ఎదురైతే అమ్మ సబ్బుల వరస వదిలి పిండ్ల వరసలోకి పోయేది. అమ్మమ్మ పోయినప్పుడు శవపేటిక మోసేవాళ్ళలో కొడుకు లేడు. ఇదీ నాన్న నిర్వాకమే అని నేను రాసిపెట్టుకున్నాను.

మావయ్య నాకు మార్కెట్ బయట, కార్లు ఆపేచోట దొరికాడు. "మావయ్యా" అన్నాను. ఆ మాట నా నోట వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఇంకెవరినో పిలిచానేమోనని ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"నాతో మాట్లాడావని ఇంట్లో తెలిస్తే నీ పని అయిపోతుందే" అన్నాడు.

"నాకు ముప్ఫై ఒకటి. నన్నెవరూ ఏమీ చెయ్యలేరు. స్పెయిన్ పోతున్నావట?"

"మీ అత్తకి ఎండ కావాలట. నాకేం కావాలో ఎవరూ అడగలేదు." నవ్వాడు. ముందు పళ్ళు రెండు కొత్తవి.

"ఏ ఓడ మీదున్నావిప్పుడు?"

"పొద్దున్న ఎనిమిదింబావుది. టిఫిన్ల కౌంటరు."

"ఆగస్టు ఐదున మేం ఆ ఓడ ఎక్కితే? అమ్మని తీసుకొస్తే?"

చేతిలో సంచీ నేల మీద పెట్టేశాడు. "డొరీన్‌నా?" అన్నాడు. "సిడ్‌ని తీసుకురావే, బెవ్. తెస్తే సిడ్‌ని తీసుకురా" అన్నాడు.

"ఆయన్ని కదిలించడం నా తరం కాదు. అమ్మనైతే తెస్తా."

నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "నీ ఇష్టం తల్లీ" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. చూడు, ఇన్నేళ్ళయినా మా నాన్నంటే ఎంత భయమో ఈ మనిషికి అనుకున్నాను. మొత్తం ఊరంతా పిరికి సన్నాసులే, నేనొక్కదాన్నే ధైర్యవంతురాలిని అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

ఆ సాయంత్రమే టికెట్లు కొనేశాను. డోవర్ నుంచి కలే, పొద్దున్న ఎనిమిదింబావు, రానూ పోనూ. ఒక కారు, పెద్దవాళ్ళు ముగ్గురు, పిల్లలిద్దరు. నాన్నకి కొనలేదు. ఆయన పాత కారుంది, ఆయన నిష్ఠ ఉంది, రెండూ తోలుకుని న్యూహేవెన్ మీదుగానే వస్తాడు. ఆ ఓడకీ ఒక టికెట్ కొన్నాను. క్లైవ్ మాత్రం తన ఫైలుని కాదని టికెట్లు కొన్నందుకు రెండు రోజులు అలిగాడు. ఎక్కువ మార్కులు వచ్చిన ఓడే కదయ్యా కొన్నది అంటే, పద్ధతి అంటూ ఒకటుంటుంది అన్నాడు.

జూన్‌లో ఒక ఆదివారం, పుడ్డింగ్ వడ్డించాక, బల్ల మీద టికెట్లు పెట్టాను.

"ఈసారి అమ్మ మాతో డోవర్ నుంచే వస్తుంది. నాన్నా, నీకు న్యూహేవెన్ టికెట్ కొన్నా. నీ పట్టుదల నీది, అమ్మ తుంటి అమ్మది."

క్లైవ్ పుడ్డింగ్‌లోకి తల దూర్చేశాడు. నాన్న చెంచా ఆగింది. నేను తుఫాను కోసం సిద్ధంగా కూర్చున్నాను. అమ్మే టికెట్లు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వేళ చూసింది.

"ఎనిమిదింబావుదా?" అంది.

"అవునమ్మా."

అది మావయ్య పనిచేసే ఓడని ఊరందరికీ తెలుసు. అమ్మ టికెట్లు సరిగ్గా అంచులు కలిపి కవర్లో పెట్టింది. "సరే, వస్తా" అంది.

"డొరీన్..." అన్నాడు నాన్న.

"నువ్వు న్యూహేవెన్ మీద రా, సిడ్. కస్టర్డ్ ఇంకాస్త వెయ్యనా?"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పద్దెనిమిదేళ్ళకి మా అమ్మకి నోరొచ్చింది! తమ్ముణ్ణి చూడ్డానికి మొగుణ్ణి కాదంది! అంట్లు తోముతూ ఆవిడ భుజాన్ని నా భుజంతో తట్టాను. "భలేదానివే" అన్నాను. ఆవిడ పళ్ళెం తుడిచి పక్కన పెట్టింది. నాన్న పెరట్లో ఒక్కడూ నిలబడి, ఓడలు కనిపించని వైపు చూస్తున్నాడు. నాకు రవ్వంత జాలి కూడా వెయ్యలేదు.

ఆగస్టు ఐదున పొద్దున్న మేం వెళ్ళేసరికి నాన్న ఎప్పుడో బయల్దేరిపోయాడు. అమ్మ చర్చికి వేసుకెళ్ళే నీలం కోటు తొడుక్కుంది. జుట్టు సెట్ చేయించుకుంది, పెదాలకి రంగేసుకుంది. గుడారంలో పడుకోవడానికి వెళ్ళే మనిషిలా లేదు. తమ్ముడి కోసం కదా అనుకున్నాను.

గేటు దగ్గర కార్ల వరస నెమ్మదిగా కదిలింది. ఎడం వైపు ఇనప కంచె పక్కన ఖాళీ జాగా ఉంది, ఏమీ లేదక్కడ, గడ్డీ చెత్తా తప్ప. అమ్మ ఆ జాగానే మెడ తిప్పి మరీ చూసింది. కారు గేటు దాటింది. ఆకాశం విరిగి మీద పడలేదు.

"చూశావా అమ్మా, ఏం కాలేదు" అన్నాను.

"ఏమవుతుందనుకున్నావే?" అంది.

ఓడలో క్లైవ్ పిల్లల్ని కిటికీల దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ అమ్మా ట్రేలు పట్టుకుని టిఫిన్ల వరసలో నిలబడ్డాం. ఓడ కదిలింది. అమ్మ మొహం పాలిపోలేదు. నిటారుగా, చేతికర్ర కూడా సరిగా ఆనకుండా నిలబడింది. ముందు ఇద్దరు లారీ డ్రైవర్లు తప్పుకోగానే కౌంటరు వెనక తెల్ల టోపీలో మావయ్య కనపడ్డాడు. చేతిలో సాసేజీలు తీసే పట్టకారు.

"డొరీన్" అన్నాడు.

"వెళ్ళిపోతున్నావని విన్నాను."

"నెలాఖరుకి."

"ఒకసారి చూసి ఒక మాట చెబుదామని వచ్చా."

మావయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. నావీ అంతే. నేను చేసిన ఘనకార్యాన్ని నేనే చూసి మురిసిపోతున్నాను.

"అమ్మ పోయినప్పుడు నిన్ను పెట్టె మొయ్యనివ్వంది సిడ్ అనుకుంటున్నావేమో రెజ్" అంది అమ్మ. గొంతు పెంచలేదు, దించలేదు. "సిడ్ కాదు, నేను. మోసేవాళ్ళ పేర్లు రాసిచ్చింది నేను. ఇన్నేళ్ళూ నీ వంక చూడనిది నేను. సిడ్‌ని తిట్టుకుంటూ నువ్వు స్పెయిన్‌లో ఎండ కాచుకుంటావేమోనని, అది తప్పని చెప్పడానికి వచ్చాను."

పట్టకారు ట్రేలోకి దిగింది. "నాకు తెలుసే, అక్కా" అన్నాడు మావయ్య. "నాకు మొదట్నుంచీ తెలుసు."

"అయితే మంచిదే." అమ్మ నా వైపు తిరిగింది. "నాకు టీ ఒక్కటి చాలు. అవతలి కౌంటర్లో తీసుకో." ఖాళీ ట్రే తీసి వరసలో వెనక పెట్టి, కిటికీ పక్క కుర్చీలో వెళ్ళి కూర్చుంది. మా వెనక నిలబడ్డ పెద్దమనిషి, "ముందుకు కదలండమ్మా, గుడ్లు చల్లారిపోతున్నాయి" అన్నాడు. కదిలాను.

అరగంటయ్యాక మావయ్య పని ఆపి డెక్ మీదకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, అమ్మ ఎదురుగా కూర్చోవడం చేతకాక. గాలికి ఆయన టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సిడ్‌ని తెమ్మన్నానుగా" అన్నాడు.

"ఎందుకు? ఆయనా ఆవిడా ఒకటేగా."

"ఒకటా?" మావయ్య నవ్వాడు. "పనిలోకొస్తామని మీ నాన్నా నేనూ ఒకే రోజు, ఒకే పెన్నుతో సంతకం పెట్టామే. మూడు నెలలు జీతం లేదు, ఇంటి వాయిదాలు ఆగిపోయాయి. మర్నాడు పొద్దున్న ఇద్దరం బట్టల సంచులు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాం. మీ అమ్మ ఆ కంచె పక్కన నిలబడి ఉంది. ఒక చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది, ఇంకో చేత్తో నాది. లోపలికి పోతే మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు అంది. నేను విదిలించుకున్నా. సిడ్ విదిలించుకోలేదు."

"నాన్న నిన్నేమీ అనలేదా? ఎప్పుడూ?"

"ఒక్క మాట కూడా. ఎక్కడైనా కనపడితే, ఆవిడ పక్కన లేకపోతే, ఇలా కనుబొమ్మ ఎగరేసేవాడు. పద్దెనిమిదేళ్ళలో ఒక పాతిక సార్లు ఎగరేసి ఉంటాడు." టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "పోతా, అంట్లు పడి ఉంటాయి."

సాయంత్రం ఐదింటికి నాన్న పాత కారు గుడారాల మైదానంలోకి వచ్చింది. పొద్దున్నుంచీ ఒక్కడూ తోలీ తోలీ నడుం పట్టేసినట్టుంది, డోరు పట్టుకుని మెల్లగా దిగాడు. అమ్మ మడత కుర్చీలో కూర్చుని బఠానీలు ఒలుస్తోంది.

"సముద్రం ఎలా ఉంది?" అన్నాడు నాన్న.

"ఊగలేదు."

"వాడు?"

"ఉన్నాడు" అంది అమ్మ. ఇంకో బఠానీ కాయ తీసుకుంది.

నేను నీళ్ళ డబ్బా పట్టుకుని, "నాన్నా, రా, బరువుగా ఉంటుంది" అన్నాను. కుళాయి మైదానం చివర ఉంది. అక్కడికి చేరేదాకా ఆగలేకపోయాను.

"ఇన్నేళ్ళూ నీ మీద ఎందుకు వేసుకున్నావు? నేను నిన్ను ఎంత తిట్టుకున్నానో తెలుసా? మూర్ఖుడివనీ, రాక్షసుడివనీ, అమ్మని చంపుకుతింటున్నావనీ..."

"మూర్ఖుడనేది పైకే అనేదానివిగా" అన్నాడు. కుళాయి తిప్పాడు. నీళ్ళు సన్నగా వస్తున్నాయి. "నేను రొట్టెల వ్యాను మీద రాత్రి పోతే మధ్యాహ్నం వచ్చేవాణ్ణి. నువ్వు పొద్దస్తమానం మీ అమ్మ దగ్గర పెరగాలి. కోపం ఎవరో ఒకరి మీద ఉండాలిగా నీకు, పదమూడేళ్ళది. ఇంట్లో ఉండనివాడి మీదయితే ఇబ్బంది లేదు."

నా మీద నాకు అసహ్యం వేసింది. అంత తెలివైనదాన్ని, అందర్నీ చూసి మూతి విరిచేదాన్ని, ఎదురుగా ఉన్న మనిషి పళ్ళెంలోకి ఎందుకు చూస్తున్నాడో పద్దెనిమిదేళ్ళు కనిపెట్టలేకపోయాను.

"ఆవిడ చేసింది తప్పు కాదు" అన్నాడు నాన్న. "సమ్మెలో ఆవిడ మాటే రైటు. నేను లోపలికి పోయుంటే సిగ్గుతో చచ్చేవాణ్ణి. కాకపోతే..." డబ్బా నిండింది, కుళాయి కట్టాడు. "వాడు జుట్టు ఉంచుకున్నాడా, ఊడిందా?"

"ఊడింది. ముందు పళ్ళు కూడా కొత్తవి."

"అందగాడు" అన్నాడు నాన్న, డబ్బా ఎత్తుకుంటూ.

ఆ రెండు వారాలూ ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పిల్లలు పీతలు పట్టారు. క్లైవ్ మడత బల్ల మీద వచ్చే ఏటి పట్టిక మొదలెట్టాడు. అమ్మ తుంటికి వ్యాయామం చేస్తూ గుడారాల మధ్య నడిచేది, నాన్న ఒక బారెడు వెనకగా. అంతా సర్దుకుంటుందని అనుకున్నాను. మేం ఇంగ్లీషు వాళ్ళం, చెప్పకుండా ఊరుకుంటే ఏదైనా సర్దుకుంటుందని మా గట్టి నమ్మకం.

తిరుగు ప్రయాణం రోజు, సామాన్లన్నీ కట్టాక, నాన్న తన కారు తాళాలు క్లైవ్ చేతిలో పెట్టాడు. వచ్చి మా కారులో, ముందు సీట్లో, అమ్మ సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు.

"సిడ్" అంది అమ్మ, బయట నిలబడి.

"క్లైవ్ నిన్ను దియెప్ మీద తీసుకొస్తాడు. నేను పిల్లల్తో కలే మీద పోతున్నా."

"సిడ్, దిగు."

ఆయన అద్దంలోంచి ముందుకి చూస్తూ కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అమ్మ కారు చుట్టూ తిరిగి నా వైపు వస్తుందేమో, డోరు తీస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఒక నిమిషం నిలబడింది. తర్వాత తన చేతికర్ర తీసుకుని ఆ పాత కారు దగ్గరికి నడిచి, వెనక సీట్లో కూర్చుని, డోరు వేసుకుంది. క్లైవ్ నా వైపు చూశాడు. "కానీ టికెట్ల మీద పేర్లు..." అన్నాడు. "తోలు క్లైవ్" అన్నాను.

కలే రేవు టికెట్ల కిటికీ దగ్గర పేరు మార్పించాను. ఓడ ఎక్కగానే నాన్న ఎవరినీ దారి అడగలేదు, మెట్లన్నీ ఎరిగున్నవాడిలా తిన్నగా టిఫిన్ల గదికి పోయాడు. మావయ్య కౌంటరు మీంచి చూశాడు. నాన్న కనుబొమ్మ ఎగరేశాడు. మావయ్య టోపీ తీసి పక్కనున్న పిల్లాడికిచ్చి, "నేను లేను" అని కౌంటరు ఇవతలికి వచ్చేశాడు.

నేను పిల్లల్తో మూడు బల్లల అవతల కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత కలిసిన ఇద్దరు మగాళ్ళు ఏం మాట్లాడుకుంటారో విందామని చెవులు రిక్కించాను. కార్పెట్ రంగు మార్చారని మాట్లాడుకున్నారు. పాత హెడ్ కుక్ ఎవరో పంది మాంసం పొయ్యి మీద పెట్టి నిద్రపోయాడని ఒకడు మొదలెడితే రెండోవాడు పూర్తిచేశాడు. నాన్న నవ్వాడు. అలా బల్ల గుద్ది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వే మనిషని నాకు తెలియదు. "తాతయ్యకి ఏమైంది?" అంది మా చిన్నది. ఏమీ కాలేదు, తిను అన్నాను.

అమ్మావాళ్ళ కారు ఇంటికి సాయంత్రం ఆరింటికి చేరింది. అమ్మ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. నాన్న టీ కాచి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. "ఎలా జరిగింది డొరీన్?" అన్నాడు. ఆవిడ కోటు తీసి కొక్కేనికి తగిలించింది. "బెవ్, మీ నాన్నకి చెప్పు, టీ నేనే కాచుకుంటానని" అంది.

ఆ తర్వాత నాన్న తొమ్మిదేళ్ళు బతికాడు. ఆ తొమ్మిదేళ్ళూ అమ్మ ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసింది, ఆయనకి ఇష్టమని శుక్రవారం చేపలు వండింది, జ్వరమొస్తే నుదుటి మీద గుడ్డ వేసింది. ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనుంటే నాతో చెప్పేది, నేను లేకపోతే పిల్లితో చెప్పేది. తమ్ముడికి వేసిన శిక్షే మొగుడికీ వేసింది, ఈయనకి మాత్రం ఒకే కప్పు కింద. ఇంత మొండి మనిషిని లోకంలో చూడలేదు. ఆవిడలాగా నాలుగు రోజులు మాట మీద నిలబడ్డం నాకెప్పుడూ చేతకాలేదని తెలిసీ అంటున్నాను. ఇదంతా నేను కొన్న టికెట్ల వల్ల అన్నది మాత్రం ఎవరూ అనలేదు. ఎవరైనా అంటే బావుండేది.

మూడో ఏడాది అనుకుంటా, ఒక ఆదివారం భోజనాల దగ్గర, "మీ నాన్నకి చెప్పు బెవ్, గ్రేవీ ఆయన మోచేతి పక్కనే ఉందని" అంది అమ్మ. చెప్పాను. "థాంక్యూ అని చెప్పు" అన్నాడు నాన్న, హాయిగా పోసుకుంటూ. భోజనాలయ్యాక ఆయన పెరట్లో చిక్కుడు తీగలకి పుల్లలు కడుతుంటే వెనకే వెళ్ళాను. ఇక పట్టలేకపోయాను.

"ఎందుకు చేశావు నాన్నా? మావయ్య ఎలాగూ స్పెయిన్ పోయాడు. ఒక్క గంటన్నర కోసం ఇంత నరకమా?"

తాడు పళ్ళతో పట్టుకుని ముడి బిగించాడు. తర్వాత నా వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"గంటన్నర కాదే" అన్నాడు. "డోవర్ రేవులో చోటు ఖాళీ లేక మన ఓడని బయటే నిలబెట్టేశారు, గుర్తులేదూ? రెండు గంటల నలభై నిమిషాలు."